జాలీకి మందు పొయ్యిలోనే ఉంది

సంక్రాంతి సెలవులకు పట్నం నుంచి పిల్లలు దిగితే నేలకొండపల్లి పెరట్లోనూ బార్బెక్యూ సందడే. నాలుగు ఇటుకలు, వాటి మీద వెల్డింగు షాపులో చేయించిన ఇనుప జాలీ, కింద బొగ్గులు. పాలేరు చేపో, నాటుకోడో కాలుతుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. తెల్లారేసరికి మిగిలేది జాలీకి అట్టకట్టిన నల్లటి మాడు.

‘‘అమ్మమ్మా, బాత్‌రూం యాసిడ్ ఎక్కడుంది? రెండు చుక్కలేస్తే తళతళలాడుతుంది’’ అంటాడు మనవడు. అమ్మమ్మ అడ్డుపడాల్సింది సరిగ్గా అక్కడే.

భద్రాచలం దాటి మారేడుమిల్లి వైపు బొంగులో చికెన్ వండేవాళ్లకు ఈ తంటా లేదు. మాంసం వెదురు బొంగులోనే ఉడుకుతుంది. తిన్నాక బొంగు పారేస్తే సరి. జాలీని అలా పారేయలేం కదా!

బాత్‌రూం యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది జిడ్డును వదిలించదు, ఇనుమును తినేస్తుంది. సరిగా కడగకపోతే మర్నాడు చేప ముక్కకు అంటుకునేదీ అదే. మెరుపు చాలలేదని దానికి బ్లీచింగ్ పౌడరు కలిపితే మరీ ప్రమాదం. క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే.

మరి దేంతో తోమాలి? నిన్నటి పొయ్యిలోని బూడిదతోనే. కట్టెల బూడిదలో, కట్టెబొగ్గుల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. అది క్షారం. తడిపి రుద్దితే జిడ్డులో కొంత సబ్బుగా మారిపోతుంది. వెనకటి తరం అంట్లన్నీ బూడిదతో తోమింది ఊరికే కాదు. షాపులో అమ్మే ఓవెన్ క్లీనర్లలో చాలావాటి సూత్రమూ ఇదే. కాకపోతే వాటిలో ఉండేది కాస్టిక్ సోడా. జిడ్డు ఇట్టే వదులుతుంది, నిజమే. చేతి మీద పడితే చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. అల్యూమినియం పళ్లేన్ని తినేస్తుంది కూడా. తప్పదనుకుంటే చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, చల్లారిన జాలీ మీద, ఆరుబయట మాత్రమే వాడాలి. పొరపాటున ఒంటి మీద పడితే ధారగా నీళ్లు పోస్తూ కనీసం ఇరవై నిమిషాలు కడగాలి. పిల్లలు మింగితే వాంతి చేయించకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బూడిదైనా ఏ బూడిద పడితే అది పనికిరాదు. రంగు వేసిన చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు కాల్చింది వద్దు. అల్యూమినియం జాలీకి బూడిద కూడా పడదు. దానికి గిన్నెల సబ్బు, వేడినీళ్లే. చింతపండు ఇత్తడికి, రాగికి భేషుగ్గా పనిచేస్తుంది గానీ, పులుపు తగిలిన ఇనుము తొందరగా తుప్పు పడుతుంది.

ఇంకో సంగతి, తీగల బ్రష్. చూడ్డానికి బలంగా ఉంటుంది, కానీ సన్నటి తీగ ఊడి జాలీకి అంటుకుంటే కంటికి ఆనదు. కాల్చిన ముక్కతోపాటు నోట్లోకి పోతుంది. 2011, 2012 సంవత్సరాల్లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఇలా తీగలు మింగిన ఆరుగురి ఉదంతాన్ని అక్కడి వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2012లో వెల్లడించింది. కొందరికి గొంతులో, ఇంకొందరికి పేగుల్లో గుచ్చుకున్నాయి. స్టీలు పీచుతోనూ ఇదే భయం. కొబ్బరి పీచు వాడితే ఈ బాధ లేదు.

అసలు సగం పని రాత్రే అయిపోవాలి. వంట దిగాక నిప్పులు ఇంకా కణకణలాడుతుండగా ఖాళీ జాలీని ఓ పావుగంట వాటి మీదే ఉంచితే మాడు పొడిపొడిగా రాలుతుంది. ఉల్లిగడ్డను అడ్డంగా కోసి, పొడవాటి చువ్వకు గుచ్చి, వేడి మీదే రుద్దితే జిడ్డు చాలావరకు ఊడివస్తుంది. చల్లారాక తడి బూడిద, కొబ్బరి పీచు. చేతులు మృదువుగా ఉన్నవాళ్లు తొడుగులు వేసుకోవడం మేలు, బూడిదకూ కాస్త మంట ఉంటుంది. తర్వాత నీళ్లతో బాగా కడిగి, తడి లేకుండా తుడిచి, ఎండలో ఆరబెట్టి, పలచగా వంటనూనె పూసి గోడకు తగిలిస్తే సరి. ఉగాదికి పిల్లలు మళ్లీ వచ్చినప్పుడు తుప్పు గీకే పని ఉండదు.