మెట్లెక్కలేని వాళ్ల ఫోటో

మా అక్క పెళ్లి మా ఊరు ఆకివీడులోనే జరిగింది. ఫోటోలు మొత్తం 3,400. ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, ఆర్నెల్ల తర్వాత అవన్నీ ఒక్కొక్కటిగా వెతకాల్సి వచ్చింది. మా మామ్మ పోయింది. దండ వెయ్యడానికి ఓ మంచి ఫోటో కావాలి. దొరికినవి రెండు. ఒకదాంట్లో లైటు స్టాండు వెనక సగం మొహం. ఇంకోదాంట్లో తల వంచుకుని భోంచేస్తోంది. చివరికి ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేయించి ఫ్రేము కట్టించాం.

ముందు ఫోటోగ్రాఫర్ మీద కోపం వచ్చింది. కానీ మామ్మ ఎవరో అతనికి ఎవరు చెప్పారు? అతనితో మూడుసార్లు కూర్చున్నాం. మూడుసార్లూ ప్రీ వెడ్డింగ్ షూట్ గురించే. ఆటపాకలో పెలికాన్లు పడాలంటే పొద్దున్నే ఎన్నింటికి వెళ్లాలి, పడవ ఎవర్నడగాలి, డ్రోన్ ఉందా... (కొల్లేరు అభయారణ్యం కదా, డ్రోన్‌కి పక్షులు బెదురుతాయన్న ఆలోచన కూడా మాకు రాలేదు.) శాంపిల్‌కి ఇరవై రీల్స్ పంపింది నేనే. ఇంట్లోవాళ్ల పేర్లు రాసిన కాగితం మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు.

అమ్మానాన్నల పెళ్లి 1997లో. అప్పుడు రీలుకి 36 ఫోటోలు, నొక్కితే డబ్బులే. అందుకని పెదనాన్న ఫోటోగ్రాఫర్ పక్కనే నిలబడి "ముందు అమ్మని కూర్చోబెట్టండి, తర్వాత ఉండి పిన్నీవాళ్లు" అని ఒక్కొక్కర్నీ పిలిచేవాడట. ఆ ఆల్బమ్‌లో నాలుగో పేజీలోనే మామ్మ ఉంటుంది, కుర్చీలో నిటారుగా. రీలు అయిపోతుందన్న భయమే వాళ్లచేత ప్లానింగ్ చేయించింది. మెమరీ కార్డు వచ్చి ఆ భయం పోయింది, దాంతోపాటు పెదనాన్న డ్యూటీ కూడా పోయింది.

ప్రీ వెడ్డింగ్ దండగని అనడం లేదు. మంచు పట్టిన పొద్దున కొల్లేరు ఎంత బావుంటుందో ఈ ఊరివాడిగా నాకు తెలుసు. నేననేది ఇంతే: జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు మనం చెప్పకపోయినా ఏ ఫోటోగ్రాఫరూ వదలడు. అతనికి తెలియంది మన చుట్టరికాలే. చెప్పాల్సింది కూడా అవే.

టైము సంగతీ చూసుకోవాలి. మా ముహూర్తం తెల్లవారుజామున 3.42కి. అప్పటికి పెద్దవాళ్లు సగంమంది కుర్చీల్లోనే నిద్ర. అంతకుముందు రాత్రంతా స్టేజీ మీద గ్రూపు ఫోటోలు. స్టేజీకి మూడు మెట్లు, మామ్మకేమో మోకాళ్ల నొప్పులు. "తర్వాత దిగుదాంలేరా" అంది. "సరే మామ్మా" అనేసి నేను ఫ్రెండ్స్‌తో పైకెక్కా. కెమెరా కిందికి దిగొస్తే రెండు నిమిషాల పని. అక్కని పెళ్లికూతుర్ని చేసినరోజు పొద్దున్నే, ఇంటి అరుగు మీద తీసుంటే ఇంకా బావుండేది. ఫ్లాష్ కూడా అక్కర్లేదు.

వచ్చే నెల మా చిన్నత్త కొడుకు పెళ్లి. ఈసారి ఫోటోగ్రాఫర్ పక్కన నిలబడేది నేనే. కాగితం రెడీ, పదకొండు పేర్లు. మొదటి పేరు మామ్మ చెల్లెలిది, ఉండిలో ఉంటుంది. ఫోన్ చేసి చెప్తే "ముసల్దానికి ఫోటో ఎందుకురా" అని నవ్వి పెట్టేసింది. పది నిమిషాలకి మళ్లీ తనే చేసింది.

"ఒరేయ్, ఏ చీర కట్టుకోమంటావ్?"