పసిబిడ్డ నెత్తుటిలో అమ్మోనియా

నెలలు నిండి, మూడు కిలోల బరువుతో పుట్టి, తొలినాడు చక్కగా పాలు త్రాగిన బిడ్డ, మూడవనాటికి చన్ను పట్టక, కన్ను తెరువక, వడివడిగా ఊపిరి తీయుచున్నచో, మన వైద్యులకు మొదట తలపునకు వచ్చునది నెత్తురునకు సోకిన క్రిమిదోషము. వెంటనే యాంటీబయాటిక్కులు ఆరంభమగును. అది తప్పు కాదు. కాని ఆ లక్షణములే పుట్టుకతో వచ్చిన జీవక్రియాలోపములకును ఉండునని స్మరించి, అదే గడియలో రక్తమందలి అమ్మోనియాను కూడ కొలిపించుట మాత్రము మిక్కిలి అరుదు.

మాంసకృత్తులు జీర్ణమైనపుడు పుట్టు అమ్మోనియాను యూరియాగా మార్చు ఎంజైము కొరవడిన శిశువునకు తల్లిపాలే క్రమముగా విషమగును. గర్భములో ఉన్నంతకాలము మావి ఆ విషమును తల్లి రక్తమునకు చేరవేసి బిడ్డను కాపాడుచుండుటచేత పుట్టిననాడు ఏ కీడును కానరాదు; బొడ్డు కోసిన పిదప ఆ రక్షణ తొలగి, అమ్మోనియా పెరిగి, మెదడు వాచును. బిడ్డ స్పృహ తప్పియున్న కాలము పెరిగినకొలది, బ్రతికినను బుద్ధివికాసము కుంటుపడును గనుక, ఇక్కడ గంటలే ప్రాణము.

ఆ పరీక్షకు కావలసినది అద్భుతమేమియు కాదు. తీసిన నెత్తుటిని మంచుగడ్డలలో ఉంచి తక్షణమే ప్రయోగశాలకు చేర్పవలెను. ఆలసించినచో సీసాలోనే అమ్మోనియా పెరిగి లెక్క తప్పును. లోపము తేలిన శిశువునకు ఒకటి రెండు దినములు పాలు ఆపి, శరీరము తన కండను తానే కరిగించుకొనకుండ గ్లూకోజు ఎక్కించి, అవసరమైనచో డయాలసిస్ చేయుదురు.

ఇట్టి వ్యాధులలో పెక్కు తల్లిదండ్రులిద్దరి నుండియు సంక్రమించునవి. కావున మేనరికములు గల తెలుగునాట వైద్యుడు వీనిని ముందుగానే శంకింపవలెను. అంతేకాని మేనరికమును ఎత్తిచూపి శోకార్తయైన తల్లిని నిందించుట క్రూరము. ఇట్టి లోపములను ముందే కనిపెట్టుటకు గోవా 2008లోనే మడమనుండి తీసిన నెత్తుటి చుక్కలతో నవజాత శిశువులందరిని పరీక్షింప పూనుకొన్నది. మనకును అది కావలసినదే. అయినను ఆ ఫలితము వచ్చులోపలనే కొందరు శిశువులు అపాయమున పడుదురు గనుక, జిల్లా ఆసుపత్రులలోని నవజాత శిశు సంరక్షణ విభాగములన్నింటను రేయింబవళ్లు అమ్మోనియా పరీక్ష జరుగునట్లు ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును వెంటనే ఏర్పాటు చేయవలెను. పాలు పట్టని బిడ్డను చేతబట్టుకొని వచ్చిన తల్లిదండ్రులారా, ముందటి కాన్పులో కారణము తెలియక బిడ్డ పోయియున్నచో ఆ మాట వైద్యునికి మొదటనే చెప్పుడు; అమ్మోనియా చూచితిరా యని అడుగుడు.