సేత్వార్ చదవడం బ్రహ్మవిద్యా?



సేత్వార్, ఖాస్రా, టిప్పన్, ఫైసల్‌పట్టీ. భూమి మనది, చెమట మనది. దాని కాగితాలు మాత్రం మనకు అర్థంకాని మాటల్లో ఉంటాయి. నిజాం కాలంలో పట్వారీ ఆ లెక్కలను బస్తాలో కట్టి ఇంట్లో పెట్టుకున్నాడు. చదవగలిగేది ఆయనొక్కడే గనుక ఆయన చెప్పిందే హద్దు.

1984లో పట్వారీలు పోయారు. 2020లో వీఆర్వోలనూ తీసేశారు. మనుషులు పోయారు గానీ కిటుకు పోలేదు, కంప్యూటర్లోకి ఎక్కింది. ధరణిలో మాడ్యూళ్ళు ఒకటీ రెండూ కాదు. పేరులో తప్పుకు ఏది, విస్తీర్ణం తప్పుకు ఏది, టీఎం-33 అంటే ఏమిటి? అది చెప్పినందుకే దళారి డబ్బు తీసుకున్నాడు. దరఖాస్తు తిప్పికొడితే కారణం తెలియదు, మళ్ళీ డబ్బు. ఇప్పుడు భూభారతి వచ్చింది. పేరు మారింది సరే, మనం దళారి గుమ్మం దిగామా?

ఇంత దాచిపెట్టిన విద్య ఎంత కష్టమో చూద్దాం. మన దగ్గర కొలత గొలుసు 33 అడుగులు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు ఉన్న నేల ఒక గుంట, అంటే 121 గజాలు. 40 గుంటలు ఎకరం. చెలక 66 అడుగుల వెడల్పు, 330 అడుగుల పొడవు ఉందనుకోండి. రెండు గొలుసులను పది గొలుసులతో గుణిస్తే 20 గుంటలు, అర ఎకరం. వంకర చెలకైతే త్రికోణాలుగా విడగొడతారు. ఒక్కోదాని అడుగును ఎత్తుతో గుణించి సగం తీస్తారు. ఇది మన పిల్లలు బడిలో చేసే లెక్కే!

తగాదాలో ఉన్న హద్దు తేల్చడానికి సర్వేయరు అనుభవం కావాలి, కాదనను. కోర్టుకెక్కితే వకీలూ కావాలి. కానీ సొంత పహాణీలో ఏ గడిలో ఏముందో చదవడానికి ఎవరి అనుభవం కావాలి? ఆ గడులను తేటతెలుగులో పెట్టడం ప్రభుత్వానికి ఒక్కరోజు పని. పెట్టరు. రైతుకు అర్థమైతే ఎవరి ఆదాయం ఆగిపోతుందో వాళ్ళకు బాగా తెలుసు. పైగా ‘రైతులకు అవగాహన లేదు’ అని మీటింగుల్లో మన మీదే జాలిపడతారు!

మనం అడగాల్సినవి ఇవి. ప్రతి ఊరి నక్షా గ్రామపంచాయతీ గోడ మీద ఉండాలి. టిప్పన్ నకలు అడిగిన రైతుకు ఇవ్వాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం తెలుగులో రాసి, కింద అధికారి సంతకం పెట్టాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే.

వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశాలకు ప్రతి సభ్యుడూ తన పహాణీ, పాసుపుస్తకం వెంట తేవాలి. పదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ళనూ తీసుకురండి. గొలుసు మేం తెస్తాం.