బడి మూతపడితే ప్రవాసానికి దిక్కెవరు?

దేశాన్ని పోగొట్టుకున్నవారికి గూడు, తిండి, ఉపాధి ముందుగా కావాలి. 1959లో దలైలామా వెంట భారతదేశానికి తరలివచ్చిన టిబెటన్లు ఆ వరుసలో బడిని కూడా నిలబెట్టారు. 1960 మార్చిలో ముస్సోరీలో తొలి పాఠశాల తెరిచారు. అదే ఏడాది మే నెలలో, రోడ్డు కూలీల శిబిరాల నుంచి తెచ్చిన 51 మంది పిల్లలతో ధర్మశాలలో ఒక శిశు ఆశ్రయం మొదలైంది. నేటి టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ పాఠశాలలకు మూలం అదే. 1961లో నెహ్రూ ప్రభుత్వం టిబెటన్ పాఠశాలల కోసం విద్యాశాఖ కింద ప్రత్యేక సంస్థను నెలకొల్పింది.

ఈ బడులు ఒక జాతి అస్తిత్వాన్ని కాపాడాయన్నది నిజమే. కానీ అది సగం నిజం. ఊ-త్సాంగ్, ఖామ్, అమ్దో ప్రాంతాల మాండలికాల మధ్య దూరం ఎక్కువ; ఒకరి మాట మరొకరికి అంత తేలిగ్గా అందదు. ఆ మూడు ప్రాంతాల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి, వారికి ఉమ్మడి భాషను, ఉమ్మడి చరిత్రను ఇచ్చింది బడే. ప్రవాస పార్లమెంటు 2004లో ఆమోదించిన విద్యావిధానం కూడా మాతృభాషా మాధ్యమానికే పెద్దపీట వేసింది. అంటే ఇక్కడ బడి పాత ఆస్తికి కాపలా మాత్రమే కాదు, ప్రవాస సమాజానికి పునాది కూడా.

ఆ పునాది ఇప్పుడు కుంగుతోంది. 2008 నిరసనల తరువాత చైనా సరిహద్దును బిగించడంతో టిబెట్ నుంచి వచ్చే పిల్లల రాక దాదాపు ఆగిపోయింది. ఇక్కడ పుట్టి పెరిగిన యువత అమెరికా, కెనడా, ఐరోపా దారి పడుతోంది. తరగతులు పలచబడుతున్నాయి, బడులను విలీనం చేయక తప్పడం లేదు. వలస వెళ్లినచోట వారాంతపు భాషా తరగతులు ఉన్నాయి కదా అనవచ్చు. వారానికి రెండు గంటల పాఠం, బాల్యమంతా ఆ భాషలోనే ఆడి, పాడి, పోట్లాడే బడికి సాటి రాదు.

మరోవైపు టిబెట్‌లో సుమారు పది లక్షల మంది పిల్లలను కుటుంబాలకు దూరంగా, చైనీస్ మాధ్యమపు ఆవాస పాఠశాలల్లో చదివిస్తున్నారని ఐక్యరాజ్యసమితి నిపుణులు 2023లో ఆందోళన వ్యక్తం చేశారు. చైనా దానిని ఖండించింది. జాతిని నిలిపే శక్తి బడికి ఎంత ఉందో, కరిగించే శక్తీ అంతే ఉందని బీజింగ్‌కు తెలియనిది కాదు.

తెలియవలసింది ఢిల్లీకే. సరిహద్దు వేడెక్కినప్పుడు టిబెట్‌ను గుర్తుచేసుకోవడం, చల్లబడగానే మరచిపోవడం మన దౌత్యానికి అలవాటైంది. హాజరు పట్టీలోని సంఖ్యను మాత్రమే చూసి ఈ బడుల భవితవ్యాన్ని తేల్చడం దూరదృష్టి అనిపించుకోదు. లద్దాఖ్, స్పితి, తవాంగ్ ప్రాంతాల్లో ఇదే లిపితో, ఇదే బౌద్ధ వాఙ్మయంతో బంధమున్న భారతీయ కుటుంబాలెన్నో ఉన్నాయి. వారి పిల్లలకు ఈ బడుల తలుపులు మరింత విశాలంగా తెరవాలి. ఉపాధ్యాయ శిక్షణకు, పాఠ్యపుస్తకాలకు కేంద్రం నిధులివ్వాలి. ఏం చెప్పాలన్నది మాత్రం టిబెటన్ల నిర్ణయానికే వదలాలి. 1961లో తెరిచిన ఈ దారి జనం తగ్గారన్న సాకుతో మూసుకుపోకూడదు.