మార్ష్‌మెలోకు దుంగల మంట ఎందుకు?

చలికాలం ముదిరేసరికి ఢిల్లీ పక్కనున్న ఫరీదాబాద్‌లో అపార్ట్‌మెంట్ సొసైటీల పచ్చికలోనూ, ఆరావళి కొండల అంచున ఉన్న ఫాంహౌసుల్లోనూ బాన్‌ఫైర్ పార్టీల సందడి మొదలవుతుంది. దుంగలు పేర్చి అంటిస్తారు, చుట్టూ కుర్చీలు వేస్తారు, పిల్లల చేతికి మార్ష్‌మెలో గుచ్చిన పుల్లలు ఇస్తారు. కాల్చిన మార్ష్‌మెలోను చాక్లెట్ ముక్కతో పాటు రెండు బిస్కెట్ల మధ్య పెట్టి నొక్కితే అదే స్మోర్స్. అమెరికాలో గర్ల్ స్కౌట్స్ 1927లో అచ్చేసిన పుస్తకంలో దీని తయారీ ఉంది. అడవిలో మకాం వేసినవాళ్లకు వంటకీ వెచ్చదనానికీ మంట ఎలాగూ కావాలి. అది ఆరేలోపు దానిమీద ఓ తీపి ముక్క కాల్చుకోవడం తెలివైన పనే. ఇక్కడ వరస తిరగబడింది. వంట ఇంట్లో గ్యాస్ మీద అయిపోతుంది, మంట మాత్రం ఆ తీపి ముక్క కోసం, ఫొటోల కోసం వేస్తున్నారు. స్మోర్స్ మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ ఊళ్లో, ఈ నెలల్లో వాటికోసం దుంగలు తగలబెట్టడం మీదే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విడుదల చేసిన నగరాల జాబితాలో పీఎం 2.5 ధూళి విషయంలో కాన్పూర్ తర్వాతి స్థానం ఫరీదాబాద్‌దే. ఘనపు మీటరు గాలికి ఏడాది సగటున 172 మైక్రోగ్రాములు. మన దేశ ప్రమాణం 40. శీతకాలపు రాత్రుల్లో నేలకు దగ్గరగా చల్లగాలి, దానిపైన వెచ్చటి గాలి పొర మూతలా పరుచుకోవడంతో పొగ పైకి పోయే దారి ఉండదు. అందుకే గాలి పాడయ్యేకొద్దీ ఢిల్లీ పరిసరాల్లో అమలయ్యే గ్రాప్ ఆంక్షల్లో హోటళ్ల తందూరు బొగ్గు, కట్టెల మీద కూడా నిషేధం ఉంది. రొట్టె కాల్చే కట్టెకు లేని మినహాయింపు మార్ష్‌మెలో కాల్చే కట్టెకు ఎక్కడి నుంచి వచ్చింది?

పాకశాస్త్రం కూడా మంట పక్షాన లేదు. మార్ష్‌మెలో అంటే చక్కెర పాకాన్ని జెలటిన్‌తో గిలక్కొట్టి గాలి నింపిన నురుగు. (జెలటిన్ జంతువుల నుంచి తీసేది కనుక శాకాహారులు కొనేముందు ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకోవాలి.) మంటలో పెడితే లోపల కరిగేలోగా పైన మాడి బొగ్గవుతుంది, పొగ చేదు అంటుతుంది. దానికి కావలసింది పొగలేని నిలకడైన సెగ. ఆ సెగ ఓవెన్‌లో పైకడ్డీ కింద దొరుకుతుంది. బిస్కెట్ మీద చాక్లెట్, దానిమీద మార్ష్‌మెలో పెట్టి పైభాగం గోధుమరంగు తిరిగేదాకా కొద్ది నిమిషాలు ఉంచితే చాలు. చాక్లెట్ సంగతి చెప్పక్కర్లేదు, అది ఒంటి వేడికే కరిగే సరుకు. ఓవెన్‌కు బదులు బొగ్గుల కుంపటిని మూసిన గదిలోకి తెచ్చే ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

వాహనాలు, ఫ్యాక్టరీలు, పంట వ్యర్థాలు ఇంత పొగ వదులుతుంటే మా ఒక్క మంటతో మునిగిపోయిందేమిటని అడుగుతారు. నగరం మొత్తం లెక్కలో అది చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ నగరం సగటును ఎవరూ పీల్చరు, ముక్కు ముందున్న గాలినే పీలుస్తారు. మంటకు అతి దగ్గరగా ముఖం పెట్టి కూర్చునేది పుల్ల పట్టుకున్న పిల్లలే. మంట చుట్టూ గుమిగూడే సరదా ఓవెన్‌తో వస్తుందా అన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. రాదు. ఆ సరదా కావాలంటే గాలి తేటగా ఉండే కాలంలో, ఊరికి దూరంగా, వంటకు ఎలాగూ నిప్పు రాజేసే చోట వెతుక్కోవాలి. చివరికి మిగిలిన నిప్పుల మీద కాల్చుకుంటే రుచీ బాగుంటుంది.

మరి లోహ్రీ, భోగి మాటేమిటి? జనవరి నడుమ, దాదాపు ఒకే వేళకు వచ్చే పండుగలివి. ఏడాదికొక రాత్రి పంజాబీలు నువ్వుల రేవడీలు, పల్లీలు పంచుకునే మంటనూ, తెల్లవారుజామున తెలుగువాళ్లు వేసే భోగిమంటనూ ప్రతి వారాంతపు పార్టీతో ఒక గాటన కట్టలేం. అయితే పండుగ పేరు చెప్పి ప్రతి బ్లాకుకూ ఒక మంట వేయడాన్నీ సమర్థించలేను. కాలనీ మొత్తానికి ఒక చిన్న మంట వేస్తే సంప్రదాయానికి వచ్చే లోటేమీ లేదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది గేటు దగ్గరి వ్యవహారం. రాత్రి కాపలావాళ్లు చెత్తా చెదారం, పుల్లలు పోగేసి చలి కాచుకోకుండా వాళ్లకు ఎలక్ట్రిక్ హీటర్లు ఇవ్వాలని గ్రాప్ నిబంధనలే నివాస సంఘాలకు చెబుతున్నాయి. నిజంగా చలికి వణికే మనిషికి మంట కూడదన్న చోట, స్వెటర్లు వేసుకుని వచ్చి తీపి తినేవాళ్లకు దుంగలు ఎలా కుదురుతాయి? పార్టీకి అనుమతిచ్చే సంఘం ఆ దుంగల ఖర్చుతో ముందు గేటు దగ్గర హీటరు పెట్టించాలి. అది ఉంటే దాని కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో కూడా తేల్చాలి.