నారును జూచి కల్లమునకు వెల కట్టవచ్చునా?

గుంటూరు యువకుడు షేక్ రషీద్ విషయమున మన పఠనమందిరములలో రెండు తీర్పులు వినవచ్చుచున్నవి. మొదటిది 2022 నాటిది: "ఈ కుఱ్ఱవాడు రేపో మాపో భారత జట్టులో నుండవలసినవాడే" యని. రెండవది ఆ తరువాతిది: "ఏమైనాడయ్యా ఆ కుఱ్ఱవాడు? మూడునాళ్ల ముచ్చటయేనా?" యని. ఈ రెండు తీర్పులను చెప్పిన నోరు ఒక్కటే. రెండును తప్పులే. మొదటి తప్పునుండియే రెండవ తప్పు పుట్టినదని మేము నొక్కి చెప్పుచున్నాము.

జరిగినదేమో ముందుగా చూతము. 2021 డిసెంబరులో 19 ఏండ్లలోపు యువకుల ఆసియా కప్పు సెమీఫైనలున బంగ్లాదేశముపై నితడు 90 పరుగులు చేసి అజేయుడై నిలిచెను. నెల తిరుగకమునుపే వెస్టిండీసులో ప్రపంచ కప్పు ఆరంభమయ్యెను. మన జట్టునకు ఉపనాయకు డితడే. నడుమ కోవిడు సోకి కొన్ని ఆటలకు దూరమయ్యెను. కోలుకొని వచ్చి, 2022 ఫిబ్రవరి 2వ తేదీన ఆస్ట్రేలియాతో సెమీఫైనలు ఆడెను. 37 పరుగులకే రెండు వికెట్లు పడియుండగా, నాయకుడు యశ్ ధుల్‌తో గూడి 204 పరుగులు జోడించెను. ధుల్ 110, రషీద్ 94. మూడు దినముల తరువాత ఇంగ్లండుతో జరిగిన ఫైనలులో మరల 50. కప్పు మనకు దక్కెను. అప్పటికి రషీద్ వయస్సు 17 ఏండ్లు.

ఆ కడపటి 50 పరుగులకు పట్టిన బంతులు 84. దీనిని చదువరులు గమనింపవలెను. ఇది మెఱుపులాట కాదు. ఎదుట వికెట్లు కూలుచుండగా తాను కదలక నిలిచి, జట్టును ఒడ్డునకు జేర్చు ఆట. ఇట్టి ఆట నిదానముగా పండును. మిరపనారు మడిలో పచ్చగా నున్నదని కల్లములోని కాయకు వెల కట్టు రైతు మన సీమలో ఉన్నాడా? నాటవలెను, నీరు పెట్టవలెను, తెగులు కాయవలెను, కోయవలెను, ఎండబెట్టవలెను. అటుపిమ్మట గదా టిక్కీలు కట్టి గుంటూరు యార్డునకు తోలుట! పంటకిచ్చు గడువును పిల్లవానికి ఈయకుండుట ఏమి న్యాయము?

"ఏమైనాడు?" అని యడుగు మిత్రులను మేమొక ప్రశ్న యడిగెదము. 2024 నవంబరులో రంజీ పోటీలలో హైదరాబాదుపై ఆంధ్ర జట్టు తరఫున రషీద్ చేసిన 203 పరుగులను మీలో ఎందఱు విన్నారు? వేలములో 20 లక్షలకు చెన్నై జట్టు ఇతనిని తీసికొన్న వార్త ఎఱుగుదురు. 2025 ఏప్రిలు 14వ తేదీన లక్నోలో ఐ.పి.యల్. తొలి యాటలో 19 బంతులకు 27 పరుగులు చేసినదియు నెఱుగుదురు. దీపముల వెలుగులో చేసిన 27 కన్నులకు గట్టినట్లున్నది. పగటియెండలో నిలిచి చేసిన 203 మాత్రము చెవికి జేరలేదు. మఱచినది ఎవరు? వెనుకబడినది ఎవరు?

గుంటూరున బుట్టిన మఱియొకని కథయు మనకు తెలిసినదే. 2002లో, తన 17వ యేట, అంబటి రాయుడు హైదరాబాదు పక్షమున ఆంధ్ర జట్టుపైననే ఒకే యాటలో 210, 159 చేసెను. 2004లో యువకుల ప్రపంచ కప్పునకు నాయకత్వము వహించెను. దేశమంతయు అతనికి పట్టము గట్టినంత పని చేసెను. కాని అతడు భారత జట్టున తొలి వన్డే ఆడినది 2013లో. టెస్టు ఆట అతనికి దక్కనేలేదు. ఆ పదునొకం డేండ్లలో తప్పు లెవ్వరివో తేల్చుటకు మేము పూనుకొనలేదు. బాల్యమున పొగడిన గొంతులు ఆ నడుమ నతనికి తోడుండలేదన్నంతవఱకు నిశ్చయము.

ఇక కర్తవ్యము. 2022లో కప్పు గెలిచి వచ్చిన పిమ్మట రాష్ట్ర ప్రభుత్వము రషీద్‌కు 10 లక్షల రూపాయలును, గుంటూరులో ఇంటిస్థలమును ప్రకటించెను. మంచిదే. కాని గెలిచినవానికి స్థలమిచ్చుట సులభము. ఇంకను గెలువనివానికి ఆడుకొన నేల యిచ్చుట కష్టము. ఉద్యోగమును సైతము లెక్కసేయక కొడుకును సాధనకు దీసికొనిపోయిన తండ్రి యుండుటచే ఈ బాలుడు పైకి వచ్చెను. అట్టి తండ్రి లేని బాలుని గతి యేమి? ఒక ఇంటి త్యాగముమీద మాత్రమే ఆధారపడిన కీర్తిని దేశకీర్తి యనుటకు మనకు సిగ్గు కలుగవలదా?

సింగరాయకొండ వాస్తవ్యులారా! మీ బడుల వెంట ఒకపరి నడచి చూడుడు. పిల్లలు పరుగెత్తుటకు తగిన నేల ఎన్ని బడులకున్నది? ఉన్నచోట దానిని ఎవరు ఆక్రమింపకుండ కాచుచున్నారు? బాలికలకు అందు పాలున్నదా? ఒక వ్యాయామోపాధ్యాయుడైనను కలడా? ఈ ప్రశ్నలకు జవాబులు సర్కారు వ్రాయువఱకు కూర్చుండనక్కరలేదు. మన రైలుదారిలోనే, ఒంగోలునకు ఆవల, చీరాల యున్నది. 1921లో అన్యాయపు పన్నులను ధిక్కరించి ఆ యూరివారు ఇండ్లు విడిచి నెలల తరబడి గుడిసెలలో గాపుర ముండిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు, వారి రామదండు వారికి వెన్నుదన్నుగా నిలిచిరి. ఇండ్లు విడిచిన చీరాల పొరుగున నున్నవారము, ఊరి పిల్లల కొఱకు ఒక బయలును నిలుపుకొనలేమా?

రషీద్ పుట్టినది 2004 సెప్టెంబరులో. బ్యాటు పట్టినవాని పంటకాలము ఇరువదియైదేండ్లకు అటునిటు మొదలగును. అతడు ఎంతవాడగునో మేము జోస్యము చెప్పము. అతనిని ఇప్పుడే ఆకాశమున కెత్తవలదు, నేలకు వేయవలదు. రంజీ పోటీలలో అతడు ఆడు దినమున ఆ లెక్కను శ్రద్ధతో చదువుడు. పిమ్మట మీ యూరి బడిబయలును చదును చేయుడు. రెండవ రషీద్ అందుండి రావలెనన్నచో ముందు ఆ నేల యుండవలెను.