రొమ్ము తీసేయాలని ఎవరు నిర్ణయించారు?

గోదావరిఖనిలో ఈమధ్య నేను మాట్లాడిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయినవాళ్లు కొందరున్నారు. ముందు కీమో ఇచ్చారనీ, ఆ తర్వాత ఆపరేషన్ చేశారనీ చెప్పగలిగారు. ఏం ఆపరేషన్, వేరే దారి ఏమన్నా ఉండిందా అంటే మాత్రం దాదాపు అందరిదీ ఒకటే జవాబు: ‘మా ఆయనకు చెప్పిండ్రు.’ యైటింక్లయిన్ కాలనీలో ఒకామె నన్నే ఎదురడిగింది: ‘గడ్డ కరిగిందన్నరు గదా మేడమ్, మరి రొమ్మెందుకు తీసిండ్రు?’

ఇది చాలా సరైన ప్రశ్న. పెద్ద గడ్డలకు ముందుగా కీమో ఇవ్వటంలో ఒక ముఖ్య ఉద్దేశమే గడ్డను కుదించి, రొమ్ము మొత్తం తీయాల్సిన అవసరం లేకుండా చూడటం. 1988లో అమెరికాలో మొదలైన బి-18 అనే పరిశోధనలో కీమో ఆపరేషన్‌కి ముందు ఇచ్చినా తర్వాత ఇచ్చినా బతికే అవకాశం ఒకటేనని తేలింది. అయితే ముందు ఇచ్చినవాళ్లలో నూటికి 68 మందికి రొమ్ము నిలుపుకునే ఆపరేషన్ సాధ్యమైంది, తర్వాత ఇచ్చినవాళ్లలో 60 మందికి. అంతకుముందే, నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డలకు గడ్డవరకే తీసి రేడియేషన్ ఇస్తే, రొమ్మంతా తీసినదానితో సమానంగా బతుకుతారని బెర్నార్డ్ ఫిషర్ బృందం చూపింది. 2002లో వచ్చిన ఇరవయ్యేళ్ల ఫలితాలూ అదే చెప్పాయి. రొమ్ముతోపాటు ఛాతీ కండరాలనూ కోసేసే హాల్‌స్టెడ్ పద్ధతి దాదాపు ఒక శతాబ్దం ఏలాక గానీ ఈ పరీక్ష జరగలేదు! మత్తులోకి వెళ్లిన స్త్రీ మేలుకునేసరికి రొమ్ము లేకపోవటం అమెరికాలోనూ మామూలే. దానిమీద 1970లలో గొడవ పెట్టుకున్నది రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలు, తానే రోగి.

అందరికీ ఇది కుదరదు. రొమ్ములో వేరువేరు చోట్ల గడ్డలున్నా, చర్మమంతా ఎర్రబడి వాచే రకం క్యాన్సరైనా, రేడియేషన్ తీసుకోలేని పరిస్థితి ఉన్నా మొత్తం తీయటమే మంచిదంటారు. కొందరు స్త్రీలు ‘పూర్తిగా తీసేయండి, బెంగ పోతుంది’ అని తామే అంటారు. దాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. నా అభ్యంతరమల్లా, అన్నీ తెలిసి ఆమె ఆ మాట అన్నదా లేక ఆమె తరఫున ఇంకెవరో అన్నారా అన్నదాని గురించే.

ఆ కాలనీ స్త్రీ ప్రశ్నకు ఒక సంగతి కలపాలి. కీమోతో గడ్డ పూర్తిగా కరిగిపోతే, ఎక్కడ కోయాలో సర్జన్‌కి తెలియాలంటే మొదటి కీమోకి ముందే గడ్డలో చిన్న లోహపు క్లిప్ పెట్టాలి, లేదా చర్మం మీద చెరగని గుర్తన్నా వేయాలి. అది చేయకపోతే ఆర్నెల్ల తర్వాత ‘ఎంచుకోండి’ అన్నా ఎంచుకోవటానికి పెద్దగా మిగలదు. అంటే నిర్ణయం ఆపరేషన్ నాడు కాదు, మొదటి సూది నాడే జరిగిపోతున్నది, అదీ ఎవరూ ఏమీ నిర్ణయించకుండానే. ఈ స్త్రీలలో ఎవరికీ ఆ గుర్తు సంగతి తెలియదు.

‘కరెంటు పెట్టించుకోను హైదరాబాద్‌కి తిరుగుడు తప్పుతదని మొత్తం తీయమన్నం’ అని ఒకామె భర్త చెప్పాడు. రెండొందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, అక్కడ వారాలపాటు ఉండటం, తోడు వెళ్లినవాళ్ల మస్టర్లు పోవటం... అతని లెక్క అర్థం కానిదేమీ కాదు. కానీ గడ్డ పెద్దదై, చంక గ్రంథులకు పాకినవాళ్లకు రొమ్ము తీసినా చాలాసార్లు రేడియేషన్ తప్పదు. ఆమెకూ తప్పలేదు. రొమ్మూ పోయింది, తిరుగుడూ మిగిలింది. పైగా ఒకప్పుడు ఐదారు వారాలు పట్టే రేడియేషన్ ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో అయిపోతున్నదని వాళ్లకెవరూ చెప్పలేదు.

సింగరేణిలో భార్య కార్డు మీద ‘డిపెండెంట్’. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి రానివ్వలేదు, 2019 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. బాయి పని మగవాడిది కావటంతో వైద్యం కూడా అతని పేరు మీదే వస్తుంది. రిఫర్ చీటీ అతని చేతిలో, డాక్టరు మాట అతనితో. కాంట్రాక్టు కార్మికుల ఇళ్లలో అదీ లేదు, ఎక్కువమందికి ఆరోగ్యశ్రీయే దిక్కు.

చట్టం మాత్రం భర్తను అడగమనలేదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. పరీక్ష కోసం మత్తిచ్చిన స్త్రీ గర్భాశయాన్నీ అండాశయాలనూ ఆమె తల్లి అనుమతితో తీసేసిన కేసది. స్పృహలోకి వచ్చాక ఆమెనే అడగవచ్చు గనుక తల్లి సంతకం చెల్లదనీ, పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కి అనుమతి కాదనీ, ప్రత్యామ్నాయాలేమిటో చెప్పాలనీ కోర్టు అన్నది. పరిహారం 25,000 రూపాయలే అనుకోండి.

గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చినప్పుడల్లా బొగ్గుబెల్టు గోడల మీద డిపెండెంట్ ఉద్యోగాలూ సొంతిల్లూ కనపడతాయి. రేడియేషన్‌కి వెళ్లిన స్త్రీకి హైదరాబాద్‌లో ఉండటానికి ఒక గది, తోడున్నవాళ్లకు జీతంతో సెలవు, కీమోకి ముందే సర్జన్ ఆమెతో, ఆమె భాషలో మాట్లాడటం ఆ గోడల మీద నాకు ఎక్కడా కనపడలేదు. అక్కడ పనిచేస్తున్న మన మిత్రులు సంఘాల ముందు పెట్టవలసిన డిమాండ్లు ఇవి. మొదటి కీమోకి వెళ్లబోతున్న స్త్రీ ఎవరైనా మీకు తెలిస్తే, ఆ గుర్తు సంగతి ముందు చెప్పండి.